పోటు మనిషి, వేటు మనిషి

రాబర్ట్ డెవరూ, ఎసెక్స్ ప్రభువు, ఒకప్పుడు మొదటి ఎలిజబెత్ రాణికి కంటి వెలుగు. నాలుగేళ్ళ తేడాలో ఆయనకు రెండు కత్తిసాము పుస్తకాలు అంకితం వచ్చాయి. 1595లో విన్సెంషియో సవియోలో అనే పాదువా వాడు తన ‘ప్రాక్టీస్’ను ఆయన పేర అచ్చు వేయించాడు. 1599లో జార్జ్ సిల్వర్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి ‘పారడాక్సెస్ ఆఫ్ డిఫెన్స్’ తెచ్చి అదే దొరకు సమర్పించుకున్నాడు. మొదటి పుస్తకం కత్తి మొనతో పొడవడం నేర్పుతుంది. అలా పొడవడం నేర్పేవాళ్ళ మాట విని ఇంగ్లీషు కుర్రాళ్ళు ఉత్తిపుణ్యానికి చచ్చిపోతున్నారని రెండోది గొంతు చించుకుంటుంది. ఒకే గుమ్మం ముందు ఇద్దరు విరోధులు పళ్ళూ తాంబూలాలూ పట్టుకుని నిలబడ్డట్టుంది కథ. ఆ దొర రాణి మీద తిరగబడి, పట్టుబడి, 1601 ఫిబ్రవరిలో లండన్ టవర్ ఆవరణలో తల పోగొట్టుకున్నాడు. గొడ్డలి దెబ్బలు మూడు పడ్డాయి. పోటు, వేటు తగువులో ఆయన వంతు అలా తేలిపోయింది.

పోటు, వేటు అన్న రెండు మాటలూ తెలుగులో ఎంత చక్కగా అమిరాయో ఈ పుస్తకాలు చదువుతున్నప్పుడే గమనించాను. మొనతో పొడిస్తే పోటు, అంచుతో నరికితే వేటు. యూరప్ కత్తి గురువులు తరతరాలు కాట్లాడుకున్నది ఈ రెంటి గురించే. మన జానపద సినిమాల్లో కత్తి కాంతారావు వేటు మీద వేటు వేస్తూ మెట్లెక్కుతాడు, దిగుతాడు. కత్తికి మొన కూడా ఉందన్న సంగతి ఆఖర్న గానీ ఎవరికీ గుర్తుకు రాదు. సవియోలో ఆ సినిమా చూసుంటే మొదటి రీలులోనే లేచిపోయేవాడు. సిల్వర్ చివరిదాకా కూర్చునేవాడు, అడుగులు తప్పని పక్కవాడితో గొణుగుతూ.

ఈ ఇద్దరినీ కలిపి చెప్పేటప్పుడు చాలామంది ఒక తేలిక లెక్క వేస్తారు. సవియోలో రాబోయే కాలం, సిల్వర్ పోయే కాలం. పోటు నాగరికం, వేటు మోటు. 1885లో ఎగర్టన్ కాసిల్ రాసిన పెద్ద చరిత్ర, ‘స్కూల్స్ అండ్ మాస్టర్స్ ఆఫ్ ఫెన్స్’, ఈ మెట్ల లెక్కకి గట్టి పునాది వేసింది: మొరటు నరుకుడు నుంచి సున్నితమైన పోటు దాకా మనుషులు పైకి ఎక్కుతూ వచ్చారని. నాకు ఆ లెక్క కుదరలేదు. కత్తి గురించి సిల్వర్ చెప్పినదాంట్లో నిజం ఎక్కువ పాలు ఉంది. ఆ నిజాన్ని ఎదుటివాడి ఒంటికి పట్టించే నేర్పు మాత్రం ఆయన తిట్టిన ఇటాలియన్ దగ్గరే ఉంది.

తగువు అర్థం కావాలంటే ముందు ఆ కాలపు లండన్ వీధిలోకి వెళ్ళాలి. అక్కడ పాత కాపురం పొట్టి కత్తిదీ, ఎడమ చేతిలో చిన్న పళ్ళెమంత ఉండే బక్లర్ అనే డాలుదీ. చప్పుడు జాస్తి, చావు తక్కువ. పదహారో శతాబ్దం నడిమికి వచ్చేసరికి రేపియర్ దిగింది. సన్నగా, బారుగా, మొన మీద బతికే కత్తి. ఆ బారు ఎంత దూరం పోయిందంటే, అలుగు గజం మీద అరపావు గజం మించకూడదని 1562లో రాణి ప్రకటన వేయించాల్సి వచ్చింది. అంటే నలభైన్నర అంగుళాలు.

కత్తి నేర్పేవాళ్ళకు లండన్‌లో ఒక సంఘం ఉండేది. ఎనిమిదో హెన్రీ 1540లో దానికి పత్రం ఇచ్చాడు. వాళ్ళు తమను రక్షణ విద్య గురువులని చెప్పుకున్నారు. శిష్యుడిగా చేరినవాడు ఫ్రీ స్కాలరు, ప్రొవోస్టు అనే మెట్లు దాటి మాస్టరు కావాలి. మెట్టెక్కే రోజున అరుగు మీద నిలబడి, జనం చూస్తుండగా, ఆ పై మెట్టు వాళ్ళతో రకరకాల ఆయుధాల మీద తలపడాలి. ఇదంతా బెల్ సావేజ్ లాంటి సత్రాల పెరళ్ళలో, నాటకశాలల్లో జరిగేది. ఊరందరినీ నవ్వించిన నటుడు రిచర్డ్ టార్ల్‌టన్ కూడా 1587లో ఇలాగే దెబ్బలు తిని, కొట్టి, మాస్టరయ్యాడు. మన తాలింఖానా వస్తాదులకు ఈ పద్ధతి వింతగా ఏమీ అనిపించదు.

ఇటాలియన్లు ఆ అరుగు ఎక్కలేదు. నేరుగా దొరల ఇళ్ళకు వెళ్ళారు. సిల్వర్ కడుపుమంటకి మొదటి కారణం ఇదేనని నా అనుమానం. అయితే ఆ మంటలోనే ఆయన మంచి రచయిత అయిపోతాడు. సవియోలో కంటే ముందు వచ్చిన రోకో బొనెట్టి బడిని ఆయన వర్ణించిన తీరు చూడండి. వారిక్ లేన్‌లో పెద్ద ఇల్లు. దాన్ని కత్తిసాము బడి అంటే రోకోకి నామోషీ, కళాశాల అనాలి. గోడల చుట్టూ శిష్యులైన దొరల వంశ చిహ్నాలు, ఒక్కో చిహ్నం కింద ఆ దొరగారి రేపియరూ బాకూ ఇనుప తొడుగులూ. మధ్యలో చదరపు బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, గుడ్డకు బంగారు కుచ్చులు. బల్ల మీద ఎర్ర మఖమలు కప్పిన సిరాబుడ్డి పెట్టె, కలాలు, లక్క, అంచుకు బంగారు పూత పూసిన కాయితాలు. సాము మధ్యలో దొరలకు పని గుర్తొస్తే ఉత్తరం రాసి నౌకరు చేత పంపించుకోవచ్చు. ఓ మూల గడియారం. లోపల ఇంకో గది, గుట్టు విద్య నేర్పడానికి. కొందరు శిష్యులకు కాళ్ళు చురుకవ్వాలని సీసం అట్టల బూట్లు.

వెక్కిరింపు కోసం రాసిన వర్ణన ఇది. కానీ కుచ్చుల దాకా, లక్క దాకా ఇంత పట్టి పట్టి చూసిన కన్ను అసూయతోనే అయినా మనసు పారేసుకున్న కన్ను. ఆ బడి ఇవాళ మన కళ్ళకు కడుతోందంటే దాన్ని ద్వేషించినవాడి చలవే.

ఇక సవియోలో పుస్తకం తెరిస్తే వాతావరణమే వేరు. అరుపుల్లేవు. లూక్ అనే శిష్యుడూ విన్సెంట్ అనే గురువూ మాట్లాడుకుంటూ ఉంటారు. లూక్ మర్యాదగా సందేహం అడుగుతాడు, గురువు మర్యాదగా తీరుస్తాడు. మొదట్లో ఈ మర్యాదలు విసుగు పుట్టిస్తాయి. పదిహేను పేజీలు పోయాక తెలుస్తుంది దాని ప్రయోజనం. కత్తిసాము అంటేనే ఇద్దరి వ్యవహారం. ఒకడు అడిగితే రెండోవాడు జవాబిస్తాడు. ఆ వరసని పుస్తకం రూపంలోకే తెచ్చుకున్నాడు సవియోలో.

మొదటి పాఠం చూద్దాం. శిష్యుడు కుడికాలు ముందు పెట్టి నిలబడాలి. మోకాలు కాస్త వంగాలి. ఒంటి బరువు ఎక్కువగా ఎడమ కాలి మీద ఉండాలి, అయితే నేలకు మేకు కొట్టినట్టు బిగుసుకుపోకూడదు, కదలడానికి సిద్ధంగా ఉండాలి. కుడి మడమ ఎడమ పాదం నడిమికి సూటిగా ఉండాలి. గురువు ఎదురుగా నిలబడి పక్కకు ఒక అడుగు వేస్తూ పొడుస్తాడు. శిష్యుడు అదే క్షణంలో తానూ పక్కకు తిరుగుతూ, ఎడమ అరచేత్తో ఆ కత్తిని తోసేసి, తన మొనని గురువు వైపు పంపుతాడు. గురువు తప్పుకుని మళ్ళీ పొడుస్తాడు. శిష్యుడు మళ్ళీ. ఎక్కడా ఆగదు, ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూనే ఉంటారు.

ఇక్కడ లూక్ అడగాల్సిన ప్రశ్నే అడుగుతాడు: వట్టి చేత్తో కత్తిని తోస్తే చెయ్యి తెగదా? ఇనుప వలతో అల్లిన తొడుగు ఉంటే మంచిది అంటాడు గురువు. లేకపోతే? చేతికి చిన్న గాయమైనా ఫరవాలేదు, దానితో ఎదుటివాడి కత్తి నీ అదుపులోకి వస్తుంది. కత్తిని కత్తితో కాచుకుంటూ కూర్చుంటే ఆ సందు వాడికి దొరుకుతుంది. ఇది పుస్తకం చూసి చెప్పే మనిషి మాట కాదు. చెయ్యి తెగినవాడో, తెగిన చేతులు చూసినవాడో చెప్పే మాట.

వేటు విషయంలోనూ ఆయన తీర్పు అంతే సూటి. పరువు కోసం, ప్రాణం కోసం కొట్లాడేవాడు నా స్నేహితుడైతే నరకొద్దనే చెబుతాను అంటాడు. చెయ్యి ఎత్తి తిప్పేలోపు మొన ముందే దిగిపోతుంది, పోటుకి పట్టే సమయం తక్కువ. చదవగానే నిజమే కదా అనిపిస్తుంది.

సిల్వర్ పుస్తకంలో శిష్యుడు లేడు. అడిగేవాడు లేడు, ఆయనకు అక్కరలేదు కూడా. న్యాయస్థానంలో నిలబడి వాదిస్తున్నట్టు ఒక్కో వాక్యం వచ్చి పడుతుంది: ఇది నిజం, ఇది అబద్ధం, ఇదిగో కారణం. ఆ వాదన గుండెకాయ ఒక్కటే సూత్రం. దెబ్బ వేసేటప్పుడు ముందు చెయ్యి కదలాలి, తర్వాత ఒళ్ళు, ఆ తర్వాతే కాలు. చెయ్యి ఒక్కటే కదలడం, చెయ్యీ ఒళ్ళూ, చెయ్యీ ఒళ్ళూ ఒక కాలూ, చెయ్యీ ఒళ్ళూ రెండు కాళ్ళూ: ఈ నాలుగూ నిజమైన కాలాలు. కాలితో మొదలయ్యే నాలుగూ అబద్ధపు కాలాలు. ఎందుకంటే చెయ్యి అన్నిటికంటే వేగం, కాలు అన్నిటికంటే నిదానం. కాలు ముందు పడితే వేగమైన చెయ్యి కూడా కాలి కోసం ఆగాలి, ఈలోగా ఎదుటివాడు చూసేస్తాడు.

ఇది చదివి నమ్మక, ఇంట్లో ఉన్న వెదురు బెత్తం తీసుకుని గోడకు వేలాడే క్యాలెండరు ముందు నిలబడ్డాను. మొదట అలవాటు ప్రకారం అడుగు వేసి పొడిచాను. తర్వాత సిల్వర్ చెప్పినట్టు చెయ్యి ముందు చాచి, కాలుని దాని వెనక లాక్కెళ్ళాను. రెండోసారి అడుగు పడేసరికే బెత్తం క్యాలెండరుని తాకి ఉంది. మొదటిసారి తాకేలోపు నా భుజం, మోకాలు, మొహం అన్నీ ఆ సంగతి ముందే చాటేశాయి. అద్దం ముందు చేస్తే ఇంకా సిగ్గేస్తుంది. నాలుగు వందల ఏళ్ళ నాటి తిట్ల పుస్తకంలో ఇంత పనికొచ్చే మాట ఉంటుందనుకోలేదు.

సూత్రానికి తగ్గ కొలతా ఇచ్చాడు. కత్తి ఎంత పొడవుండాలి? ఎడమ చేత్తో బాకు పట్టి ఆ చెయ్యి బారుగా ముందుకు చాచు. కుడిచేతి కత్తిని, మోచెయ్యి తెరవకుండా, వీలైనంత వెనక్కి లాగు. కత్తి మొన బాకుని దాటి లోపలికి రాగలిగినంత పొడవే నీ పొడవు. దుకాణంవాడి మాటా రాణి ప్రకటనా రెండూ అక్కరలేదు. నీ చేతులే గజంబద్ద. అంతకు మించి పొడవైతే రెండు కత్తులు పెనవేసుకున్నప్పుడు కాళ్ళు వెనక్కి వెయ్యకుండా విడిపించుకోలేవు. రేపియర్‌తో తలపడ్డ ఇద్దరూ ఒకరినొకరు పొడుచుకుని ఇద్దరూ చస్తున్నారంటే కారణం అదేనంటాడు.

ఇక్కడే ఆయన అసలు దెబ్బ ఉంది. నిజమైన విద్య తెలిసిన ఇద్దరు తలపడితే ఇద్దరూ క్షేమంగా ఇంటికి రావాలి. రాలేదంటే వాళ్ళు నేర్చింది రక్షణ కాదు. అందుకే లండన్ సంఘం వాళ్ళను రక్షణ గురువులంటూ, ముగ్గురు ఇటాలియన్ల గురించి రాసిన అధ్యాయానికి మాత్రం దాడి నేర్పే గురువులని పేరు పెట్టాడు.

పోటు మీద ఆయన అభ్యంతరం మోటుతనం కాదు. పోటుతో మనిషి చస్తాడు, నిజమే; కానీ వెంటనే ఆగడు. పొట్టలో కత్తి దిగినవాడు ఆ కత్తి పట్టుకునే ఎదురు వచ్చి నిన్ను పొడవగలడు. చేతి మీద వేటు పడితే కత్తి జారుతుంది, కొట్లాట అక్కడితో సరి. పైగా పోటుని తప్పించడానికి పసిపిల్లాడి బలం చాలు, పక్కకి నెడితే పోతుంది. బలంగా దిగే వేటుని అలా నెట్టలేం. వేటు దారి పొడుగు, పోటు దారి పొట్టి అన్న ఇటాలియన్ లెక్కనీ ఆయన ఒప్పుకోడు. చెయ్యి ఎక్కడినుంచి బయలుదేరిందన్నదాన్ని బట్టి ఉంటుంది అంటాడు. ఇంతా చేసి ఆయన వేటు పక్షపాతి కూడా కాదు. సంపూర్ణమైన యుద్ధంలో రెండూ ఉండాలి. రెంట్లో ఒకదాన్నే పట్టుకుని వేలాడేవాడిమీదే ఆయన కోపం.

పుస్తకంలో ఓ చోట ఆయుధాల్లో ఏది దేనికంటే మెరుగో ఓ వరస ఇస్తాడు. ఎనిమిది తొమ్మిది అడుగుల కర్రకి చాలా పెద్ద పీట. అన్నిటికీ పైన కూర్చున్నది ఏమిటనుకున్నారు? అడవి నరుక్కునేవాడి పొడుగు కర్ర కత్తి. కర్రసాము చేసేవాళ్ళు ఈ వరసకి చప్పట్లు కొడతారు. దొరకు అంకితమిచ్చిన పుస్తకంలో పాలేరు ఆయుధాన్ని శిఖరాన పెట్టగలిగిన మనిషికి, ఎంత అహంకారమున్నా, నిజాయితీ ఉందని నేను ఒప్పుకుంటాను.

పొడవు గొడవకి ఆ కాలపు సాక్ష్యం ఒకటి వెతక్కుండానే దొరుకుతుంది. 1598 సెప్టెంబరులో నాటకకర్త బెన్ జాన్సన్ హాక్స్టన్ పొలాల్లో గాబ్రియేల్ స్పెన్సర్ అనే నటుణ్ణి కత్తితో చంపాడు. లాటిన్ చదివి చూపించి ఉరి తప్పించుకుని, బొటనవేలి మీద వాత వేయించుకున్నాడు. తర్వాత ఎప్పుడో ఒక స్కాట్లాండు కవితో చెప్పుకున్నాడు, ఎదుటివాడి కత్తి తనదానికంటే పది అంగుళాలు పొడుగని. పొడుగు కత్తివాడు చచ్చాడు, పొట్టి కత్తివాడు చేతికి గాయంతో బయటపడ్డాడు. సిల్వర్‌కి అనుకూలమైన కథే. ఒక్క కథతో సిద్ధాంతం నిలబడదనుకోండి, అది వేరే సంగతి.

కథల విషయానికొస్తే సిల్వర్ తన కాలు తానే నరుక్కుంటాడు. ఇటాలియన్లు ఓడిపోయారని చెప్పడానికి ఆయన తెచ్చే సాక్షులు ఎవరు? ఆస్టిన్ బాగర్ అనే ధైర్యవంతుడు. కత్తి విద్య అంతంతమాత్రమే. బ్లాక్‌ఫ్రయర్స్‌లో రోకో ఇంటి ముందుకెళ్ళి పిలిచి, మీదకొచ్చిన రోకోని కాళ్ళు లాగి పడేసి, పిర్ర మీద ఓ వేటు వేసి, తొక్కి, చివరికి జాలిపడి వదిలేశాడు. చీజ్ అనే ఇంకో ఆసామి. ఇతనికీ విద్య తక్కువేనని సిల్వరే చెబుతాడు. ఆ ముగ్గురు ఇటాలియన్లలో మూడోవాడు జెరోనిమో; బండిలో ప్రియురాలితో పోతున్న అతణ్ణి ఆపి, కిందికి దింపి, రెండే రెండు పోట్లతో చంపేశాడు. అవును, పోట్లతోనే! విద్య లేని ధైర్యమే గెలిచిందంటే, ఇక నాలుగు నిజమైన కాలాలూ నాలుగు అబద్ధపు కాలాలూ ఎందుకు? ఇంగ్లీషు గుండె ఉంటే చాలదా? శాస్త్రం రాయడానికి కూర్చున్న మనిషి దేశభక్తి ఊపులో శాస్త్రానికే చోటు లేకుండా చేసుకున్నాడు. ఈ చిక్కు ఆయన గమనించినట్టు ఒక్క వాక్యమూ కనిపించదు.

సవియోలో చిక్కు వేరే రకం. ఆయన పుస్తకం రెండు భాగాలు. రెండోది పరువు గురించి, పరువు తగాదాల గురించి. ఎవడైనా నువ్వు అబద్ధమాడావంటే అది ఖాయమైన నిందా, షరతు మీద వేసిన నిందా, ఊరికే నోరు జారిందా అని తరాజులో తూస్తూ పోతాడు. ఇందులో చాలా భాగం ముజియో అనే ఇటాలియన్ 1550లో రాసిన ద్వంద్వయుద్ధ గ్రంథం నుంచి, పేరైనా చెప్పకుండా, ఎత్తుకొచ్చింది. షేక్‌స్పియర్ ‘యాజ్ యూ లైక్ ఇట్’లో ఒక విదూషకుడి చేత అబద్ధాల నిందకి ఏడు మెట్లు చెప్పించి నవ్వించాడు, అది ఈ రకం పుస్తకాల మీద విసురే. ‘రోమియో అండ్ జూలియట్’లో మెర్కుషియో ఇటాలియన్ కత్తి మాటల్ని నోరారా వెక్కిరించడమూ ఆ గాలి నుంచి వచ్చిందే. అంటే నాటకశాలలో నవ్వు సిల్వర్ పక్షానే ఉంది.

నాకు మాత్రం ఆ రెండో భాగం పూర్తిగా నవ్వులాట అనిపించదు. మాట ఎక్కడ హద్దు దాటిందో అంత ఓపిగ్గా తూచడం వెనక, కత్తి దుయ్యకుండా తప్పించుకోవడానికి ఎన్ని సందులున్నాయో చూపించే ఉద్దేశమూ ఉంది. మొదటి భాగంలోనే ఓ చోట ఆయన స్వరం చల్లబడిపోతుంది. కత్తి పట్టి నీ మీదకి వచ్చినవాడు స్నేహితుడైనా, చుట్టమైనా ఆ క్షణంలో శత్రువే అనుకో, నమ్మొద్దు అంటాడు. ఇందులో వీరత్వం ఏమీ లేదు. ఆ తప్పు చేసి పోయినవాళ్ళను ఎరిగిన మనిషి హెచ్చరిక. సిల్వర్ పుస్తకంలో ఇలాంటి భయం ఒక్కసారీ కనిపించదు. ఆయనకు భయపడేవాళ్ళెప్పుడూ ఇటాలియన్లే.

ఇక సవియోలో పుస్తకం మీద సిల్వర్ రాసిన సమీక్ష. మూడు ముక్కల్లో తేల్చేశాడు: మొత్తం చదివాను, నిజమైన సూత్రమూ ఆధారమూ ఏవీ కనపడలేదు, కాబట్టి అందులోంచి ఏదీ ఎత్తిరాయడం దండగ. విమర్శ రాసేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇలా రాసి చేతులు దులుపుకోవాలనిపిస్తుంది. రాస్తే మాత్రం నష్టం మనకే. సవియోలో ఏ పోటు ఎలా నేర్పాడో ఒక్కటి తీసుకుని, తన నాలుగు కాలాల గజంబద్దతో కొలిచి చూపించి ఉంటే, యూరప్ కత్తి సాహిత్యంలో మొదటి మంచి తులనాత్మక విమర్శ ఆయన పేరు మీద ఉండేది.

ఆ కొలత మనమైనా వేసి చూడొచ్చు. సవియోలో మొదటి పాఠంలో అడుగూ పోటూ జంటగా నడుస్తాయి. కాలు పక్కకు పడుతూ ఉండగానే మొన వెళుతుంది. సిల్వర్ తూకంలో ఇది తప్పు. అయితే ఆ అడుగు ఎదురుగా పడేది కాదు, పక్కకు పడేది. శత్రువు మొన ఉన్న గీత నుంచి ఒంటిని తప్పించడానికి పడేది. ఎదురు అడుగుకి సరిపోయే సూత్రంతో పక్క అడుగుని కొట్టేయడం కుదరదు. సిల్వర్ లెక్క గోడమీది క్యాలెండరు ముందు ఎంత బాగా పనిచేసిందో, ఎదుటివాడు చుట్టూ తిరుగుతున్నప్పుడు అంత తేలిగ్గా పనిచెయ్యదు. ఒక మిత్రుడి చేతికి రెండో బెత్తం ఇచ్చి ఇదీ చూశాను. నా చెయ్యి ముందే వెళ్ళింది, సందేహం లేదు. మిత్రుడు ఆ పాటికి అక్కడ లేడు. ఎడమ చేత్తో నా బెత్తాన్ని పక్కకి తోసి, తన బెత్తం నా పొట్టకి ఆనించి నవ్వుతున్నాడు. పుస్తకం చదవని మనిషి, పైగా.

సిల్వర్‌కి కూడా తన పుస్తకం చాలదని తెలిసినట్టుంది. ఎలా నిలబడాలి, ఎలా కాచుకోవాలి అన్న పాఠాలతో ‘బ్రీఫ్ ఇన్‌స్ట్రక్షన్స్’ అని ఇంకొకటి రాశాడు. అది అచ్చుకి వెళ్ళలేదు. రాతప్రతిగా బ్రిటిష్ మ్యూజియంలో పడి ఉండి, 1898లో కెప్టెన్ సిరిల్ మాథీ అనే సైనికాధికారి చేతుల మీదుగా వెలుగు చూసింది. తిట్లు 1599లోనే జనానికి అందాయి, చదువు అందడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. సవియోలో మొదటి రోజు నుంచే పాఠం అమ్ముకున్నాడు.

కాలం ఎవరి పక్షం వహించిందీ అంటే సూటి జవాబు లేదు. రేపియర్ ఇంకా సన్నబడి, పొట్టిదై, పద్దెనిమిదో శతాబ్దపు పెద్దమనుషుల నడుమున వేలాడింది. అక్కడ పోటుదే రాజ్యం. గుర్రపు దళాల చేతిలో సేబర్‌గా వేటు బతికింది. ఇవాళ్టి ఒలింపిక్స్‌లో ఫాయిల్, ఎపే రెండూ మొన ఆటలే. సేబర్‌లో అంచు కూడా చెల్లుతుంది. టోక్యోలో మన దేశం తరఫున మొదటిసారి కత్తి పట్టిన భవానీ దేవి ఆడింది సేబరే. ఫాయిల్ నియమాల్లో దాడి అంటే చెయ్యి చాస్తూ మొదలయ్యేదే, కాలిని బట్టి దాడి హక్కు రాదు. ఆ వాక్యం కింద సిల్వర్ సంతకం పెట్టేవాడు. ఎపేలో మాత్రం ఇద్దరూ ఒకేసారి పొడుచుకుంటే ఇద్దరికీ చెరో పాయింటు. ఇద్దరూ చచ్చినందుకు ఇద్దరికీ మార్కులా అని ఆయన ఆ రోజే ఇంకో పుస్తకం మొదలుపెట్టేవాడు.

రెండు పుస్తకాలూ మూసేశాక నాకు మిగిలేది మనుషుల గొంతులు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. తన పుస్తకంలో సవియోలో ఇంగ్లీషు నున్నగా, దొరల కొలువుకి తగ్గట్టు ఉంటుంది. సిల్వర్ పుస్తకంలో నోరు విప్పిన సవియోలో మన పాత సినిమాల్లో సేఠ్‌జీ తెలుగు మాట్లాడినట్టు మాట్లాడతాడు. వెక్కిరించడానికే అలా రాశాడు సిల్వర్. సవాలు కథలోనూ అంతే. తానూ తమ్ముడు టోబీ కలిసి సవియోలోనీ జెరోనిమోనీ బెల్ సావేజ్ అరుగు మీదకి పిలిచారట. రేపియర్ నుంచి కర్ర దాకా అన్ని ఆయుధాల మీదా పోటీ. అరుగు ఎత్తుగా ఉండాలి, వెనక్కి జరిగేవాడు కిందపడి మెడ విరగ్గొట్టుకునేలా. నూరు పైచిలుకు ప్రకటనలు అచ్చేయించి సదర్క్ నుంచి వెస్ట్‌మిన్‌స్టర్ దాకా అంటించారు. చెప్పిన వేళకి జనం వచ్చారు, ఇటాలియన్లు రాలేదు. సవియోలో పిరికివాడని దీనితో రుజువైందని సిల్వర్ నమ్మకం. నాకైతే, దొరల బడి నడుపుకునే నలభై రకాల బాధ్యతలున్న గురువు మెడ విరగ్గొట్టే అరుగెక్కకపోవడం తెలివనే అనిపిస్తుంది.

చివరి కథ వెల్స్ పట్నంలోది. సవియోలో అక్కడ, ఇన్నాళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, నన్ను తాకగల ఇంగ్లీషువాడు ఒక్కడూ కనపడలేదని గొప్పలు పోయాడు. అక్కడే సొంత సాము బడి నడిపే బార్తలోమ్యూ బ్రాంబుల్ అనే మొరటు మనిషి లేచి చెవి మీద ఒక్కటిచ్చాడు. సవియోలో కిందపడ్డాడు. లేచి బాకు మీద చెయ్యి వేశాడు గానీ దుయ్యలేదు; నిన్ను ఏళ్ళ తరబడి జైల్లో పెట్టిస్తానన్నాడు. బ్రాంబుల్ తోలు జాడీలో ఉన్న బీరు మొత్తం ఆయన మీద కుమ్మరించాడు.

మర్నాడు వీధిలో ఇద్దరూ ఎదురుపడ్డారు. నిన్న నువ్వు చేసింది తప్పు, నేను చాలా మంచివాణ్ణి, ఇంగ్లీషువాళ్ళందరికంటే రెండు అడుగులు ముందుకి పొడవడం నీకు నేర్పిస్తాను, ముందు నాతో రా అన్నాడట సవియోలో, ఆ వచ్చీరాని ఇంగ్లీషులో. బట్టల దుకాణానికి తీసుకెళ్ళాడు. చొక్కాకీ లాగుకీ ముడివేసుకునే పట్టు తాళ్ళు మేలైనవి చూపించమన్నాడు. డజను ఏడు గ్రోట్లు. పద్నాలుగు గ్రోట్లు లెక్కపెట్టి ఇచ్చి రెండు డజన్లు కొన్నాడు. ఒక డజను బ్రాంబుల్ చేతిలో పెట్టి, రెండోది తన దగ్గర ఉంచుకున్నాడు.